జింకల మందు, పన్నెండు మూతలు

మా ఇంట్లో ఎక్స్‌పైరీ తేదీ అంటే సమాచారమే తప్ప హెచ్చరిక కాదు. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో బయల్దేరిన ఏ సరుకైనా పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి దాని ఆయుష్షులో మంచి భాగం సముద్రం మీదే గడిచిపోయి ఉంటుంది. బిస్కెట్లు మెత్తబడి దిగుతాయి. కాఫీ పొడి తన వాసన తానే మర్చిపోయి దిగుతుంది. మందులైతే రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమస్తాల్లా దిగుతాయి. పారేద్దామంటే కొత్తవి మళ్ళీ ఓడలోనే రావాలి, ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. అందుకని అమ్మ దగ్గర ఒక సూత్రం ఉండేది. తేదీ దాటిన మందులో సగం బలమే ఉంటుంది కాబట్టి రెండింతలు వెయ్యాలి. దగ్గుమందు ఒక చెంచా అన్నచోట రెండు, జ్వరం మాత్ర ఒకటి అన్నచోట రెండు. మిన్నీ బేలో మా క్వార్టర్స్ లైనంతా ఇదే వైద్యం. అందరం బతికే ఉన్నాం, అదే రుజువు.

నేను జువాలజీలో డిగ్రీ చేశాను. ఆ డిగ్రీ ఈ సూత్రం జోలికి పోలేదు. రెండూ నా బుర్రలో ఇరుగుపొరుగు వాళ్ళలా సర్దుకుపోయాయి.

ఆ డిగ్రీ పుణ్యమా అని నాకు జింకల దగ్గర ఉద్యోగం వచ్చింది. సిప్పీఘాట్ దాటి కొంచెం ముందుకు పోతే, సునామీ ఏడాది ఉప్పునీళ్ళు చేరి మళ్ళీ పొలాలు కాలేకపోయిన మడుల పక్కన, మా పశువైద్య డిపార్ట్‌మెంటుకు ఒక జింకల కంచె ఉండేది. కుక్కలు కరిచినవి, రోడ్డు మీద బండికి తగిలినవి, తల్లి లేకుండా దొరికినవి అన్నీ కలిపి పదకొండు చుక్కల జింకలు. చుక్కల జింక ఈ దీవుల జంతువు కాదు. వేటకు బాగుంటుందని తెల్లదొరలు ఓడలో తెచ్చి వదిలారు. తర్వాత దొరలు వెళ్ళిపోయారు, జింకలు ఉండిపోయాయి. ఇక్కడ వాటిని తినడానికి పులి లేదు. దీవి నుంచి దీవికి ఈదుకుంటూ పోయి, అడవిలో లేత మొక్కన్నది లేకుండా మేసేశాయి. పుస్తకాల్లో వాటిని పరాయి జాతి అని రాస్తారు. మా తాత కూడా ఓడలోనే దిగాడు. ఆయన్ని ఎవరూ ఆ మాట అనలేదు, రేషన్ కార్డు ఇచ్చారు.

నా పని రిజిస్టర్లు రాయడం, మేత తెప్పించడం, డాక్టర్ మేడం చీటీలో రాసిన మందు కొలిచి పొయ్యడం. అసలు పని చేసేది మస్టర్ మీద రోజు కూలీగా ఉన్న ఒక పెద్దాయన. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళ కుటుంబం. నేను బాబాయ్ అనేవాణ్ణి. సునామీ తర్వాత సముద్రం మీద నమ్మకం పోయి ఈ పనిలో చేరాడు. "జింకలైతే సాయంత్రం ఒగ్గీసిన కాడే పొద్దుటికుంటాయి బావూ, సముద్రం అలగ కాదు" అనేవాడు. పర్మనెంట్ చేస్తామని ఏళ్ళ తరబడి చెబుతున్నారు. ఆయన ఫైలు ఏ బల్ల మీద ఉందో అడగడానికి నెలకోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళొచ్చేవాడు. చొక్కా పాతబడింది గానీ ఫైలు కదల్లేదు.

మేత వేళకు ఆయన ఒక పాత బిస్కెట్ డబ్బాను కర్ర గరిటెతో వాయించేవాడు. వల వేశాక చేపల్ని వల వైపు తోలడానికి పడవ అంచు మీద కొడతారు, అదే దెబ్బ. చేపల్ని పారిపోయేలా చేసే ఆ చప్పుడుకు జింకలు పరుగెత్తుకొచ్చేవి. అందరికన్నా ముందు చెవి తెగిన ఆడ జింక వచ్చేది. కుక్కలు వదిలిపెట్టిన ముక్క అది. సీసాతో పాలు పట్టి బాబాయే పెంచాడు. దానికి తిండి ధ్యాస ఎక్కువ. తొట్టిలో మూతి పెడితే ఇక లోకంతో సంబంధం ఉండేది కాదు.

వానలు ముదిరితే ఆ ఉప్పు మడుల్లో నత్తలు పెరుగుతాయి, నత్తల వెంట జింకల కార్జంలోకి జలగ పురుగులు చేరతాయి. అందుకు ఒక మందుంది, పసుపు రంగులో చిక్కగా ఉంటుంది. పేరు క్లోసాంటెల్. జింకను పట్టుకుని నోట్లో పొయ్యాలంటే అది భయంతోనే చచ్చిపోతుంది. కాబట్టి మందును బెల్లం నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను నానబెట్టిన శనగలకూ తవుడుకూ పట్టించి తొట్టిలో పెడతాం. ఆ ఏడు వానల ముందు మేడం సెలవు మీద వెళ్తూ చీటీ రాసిచ్చింది. మంద మొత్తానికి డబ్బా మూతతో ఆరు మూతలు. అంతే. అందంగా, ఇంగ్లిష్‌లో, కింద గీత గీసి మరీ రాసింది.

కొత్త మందు ఓడలో వస్తోందన్నారు. సముద్రం బాగాలేక ఓడ రాలేదు. స్టోర్‌లో పాత డబ్బా ఒకటుంది. దాని మీది తేదీ దాటి రెండు నెలలయింది.

నేను పన్నెండు మూతలు పోశాను.

ఆలోచించి చేసిన పని కాదు. కూరలో ఉప్పు వేసే చెయ్యి ఆలోచిస్తుందా? తేదీ చూశాను, చెయ్యి దానంతటదే రెండింతలకు పోయింది. బకెట్ పక్కన బాబాయ్ బెల్లం చితక్కొడుతూ కూర్చున్నాడు.

"బావూ, డబ్బా మీద డేటు సూసినావా? దాటిపోనాదిలాగుంది."

చూశాను బాబాయ్, అందుకే రెండింతలు పోశాను అని చెప్పొచ్చు. ఎవరైనా అదే చెబుతారు. నాకు చిన్నప్పటి నుంచి సూటి ప్రశ్నకు సూటి జవాబు చెప్పడం కొంచెం మొరటుగా అనిపించేది. పైగా చేతికందిన హాస్యాన్ని వదిలేసే అలవాటు లేదు.

"మనిద్దరికన్నా తాజాగానే ఉందిలే బాబాయ్" అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు తృప్తిగా అనిపించింది. ఆఫీసు గదిలో ఫోన్ మోగితే వెళ్ళాను.

తర్వాత ఏం జరిగిందో నాకు పది రోజులకు గానీ తెలియలేదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. బాబాయ్ ఇంట్లోనూ మా అమ్మ సూత్రమే నడుస్తుంది, దీవి అంతా ఒకే పాఠశాల కదా. చదువుకున్న కుర్రాడు చీటీలో ఉన్నంతే పోశాడు, తేదీ సంగతి వేళాకోళంగా తీసుకున్నాడు, జింకలకు సగం మందే పడుతుంది అని ఆయన అనుకున్నాడు. నా మీద ఫిర్యాదు చెయ్యకుండా, నా తప్పు తనే మౌనంగా సర్దేశాడు. నేను పోసినన్ని మూతలు మళ్ళీ పోశాడు. ఆరు కావలసిన చోట ఇరవై నాలుగు. ఇద్దరం జాగ్రత్తపరులమే. ఎవరో ఒకరం నిర్లక్ష్యంగా ఉంటే ఆ జింకలకు కళ్ళుండేవి.

డబ్బా వాయించాడు. చెవి తెగినది ముందొచ్చింది.

మొదటి రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున కొమ్ముల జింక ఒకటి నడుచుకుంటూ వచ్చి కంచెకు గుద్దుకుంది. వెనక్కి తగ్గి, మళ్ళీ అదే చోట గుద్దుకుంది. దానికి మదమెక్కిందన్నాను నేను. నాలుగో రోజుకు రెండు పడిపోయి లేవలేదు. మిగతావి తలలు పైకెత్తి, గాలిలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాయి. చెవి తెగినది తొట్టి పక్కనే ఉండి తొట్టి కోసం వెతికింది. నేను దాని ముఖం ముందు చెయ్యి ఊపాను. రెప్ప వెయ్యలేదు. కళ్ళు మామూలుకన్నా పెద్దవిగా, నల్లగా, నిండుగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉన్నాయి. నల్లగుడ్డు విప్పారిపోతే అలా ఉంటుందని తర్వాత మేడం చెప్పింది. ఆ అందం నాకు ఇప్పటికీ అడ్డం వస్తుంది. ఎవరి కళ్ళనైనా బాగున్నాయని అనబోయి ఆగిపోతాను.

మేడం సెలవు మధ్యలో ఆపుకుని వచ్చింది. బెంగాలీ మనిషి, పుట్టి పెరిగింది ఈ దీవుల్లోనే. మాతో హిందీలో మాట్లాడేది, కోపమొస్తే మరీ నెమ్మదిగా మాట్లాడేది. ఆ వారం చాలా నెమ్మదిగా మాట్లాడింది. సెలైన్లు, సూదులు, కంచె చుట్టూ గోనె పట్టాలు. జింక తల మీద గోనె కప్పి, మెడ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకోవడం నా వంతు.

"బాత్ కర్తే రహో" అంది మేడం. మాట్లాడుతూనే ఉండు, గొంతు వింటుంటే జంతువు కుదురుతుంది అని.

నాకు అంతకన్నా చేతనైన పని లేదు. ఆ వారమంతా గుడ్డి జింకల చెవుల్లో నాకు తెలిసిన జోకులన్నీ చెప్పాను. అవి వణికిపోతూ విన్నాయి. ప్రతి జోకు చివరా ఒక సూది పడింది.

మూడు చచ్చిపోయాయి. నాలుగు బెరుకు జింకలకు ఏమీ కాలేదు. బెరుకువి కాబట్టి చివరికి వచ్చి, మిగిలింది నాకి బతికిపోయాయి. నాలుగు ప్రాణాలతో ఉన్నాయి గానీ చూపు పోయింది. చెవి తెగినది ఆ నాలుగింటిలో ఒకటి.

ఆదివారం చర్చిలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు అమ్మ లేచి, మా అబ్బాయి జింకలకు ఒంట్లో బాగాలేదని చెప్పింది. అందరూ తెలుగులో, కళ్ళు మూసుకుని, పదకొండు చుక్కల జింకల కోసం ప్రార్థన చేశారు. అప్పటికి అవి ఎనిమిదే అని లేచి సరిచెయ్యాలనిపించలేదు. ఆ రోజు ప్రభువు బల్ల కూడా ఉంది, తప్పు దాచుకున్నవాళ్ళు ముట్టకూడని ద్రాక్షరసం. చిన్న గ్లాసుల పళ్ళెం నా దగ్గరకొస్తే పక్కాయనకు అందించేశాను. గొంతు నొప్పి అన్నాను. ఎవరూ అడగలేదు, అయినా అన్నాను.

మర్నాడు మేడం మమ్మల్నిద్దర్నీ పిలిచి విచారణ మొదలుపెట్టింది. ఆఫీసు గదిలో ఆమె కూర్చుంది, మేం నిలబడ్డాం. పసుపు డబ్బా బల్ల మీద ఉంది.

"మందు ఎవరు కలిపారు?"

బాబాయ్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "బాబు కొలిసి పోసినాడు మేడం. డేటు దాటిపోనాదని నాను మల్లీ అంతే పోసీసినాను. దుగనా కర్‌ దియా. నాదే గల్తీ."

"మళ్ళీ పోశావా? ఎందుకు?"

"డేటు దాటితే జోరు తగ్గిపోతాది కదా మేడం."

మేడం కళ్ళు మూసుకుని తెరిచింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు పోసింది ఆరే కదా?"

అప్పుడు నేను తల ఊపాను.

జీవితంలో నేను అంత తక్కువ మాట్లాడిన సందర్భం ఇంకోటి లేదు. బాబాయ్ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పక్కింటివాళ్ళ కుండ పగిలిన చప్పుడు విన్నవాడు అటు చూసినట్టు చూశాడు.

"ఆరు, ఆరు, పన్నెండు" అని మేడం తనలో తనే అనుకుంది. "రెండింతలకు ఇంత జరగకూడదే. సమఝ్ మే నహీ ఆతా, అర్థం కావట్లేదు." డబ్బాను ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. మందులోనే ఏదైనా లోపముందేమో, ఇలాంటి డబ్బాలు ఇంకెక్కడెక్కడికి వెళ్ళాయో కనుక్కోవాలంది. ఆమె ఆ పూటంతా పాత పుస్తకాలు తిరగేస్తూ కూర్చుంది. ఆమెకు కావలసిన లెక్క నా నోట్లో ఉంది. నేను టీ తెప్పించాను.

బాబాయ్‌ను ఆ సాయంత్రం నుంచే రావద్దన్నారు. మస్టర్ మీది మనిషికి ఉత్తర్వులు ఇవ్వనక్కర్లేదు, పేరు రాయకపోతే చాలు. ఆయన గరిటె కడిగి డబ్బాలో పెట్టి, డబ్బా గోడకు తగిలించి, బస్సెక్కి జంగ్లీఘాట్‌లోని ఇంటికి వెళ్ళిపోయాడు. నాకు వెళ్ళొస్తానని కూడా చెప్పాడు.

మంగళవారం పొద్దున నేను డబ్బా వాయించాను. చూపున్న నాలుగూ వచ్చాయి. గుడ్డివి నాలుగూ మడుల వైపు మూలకు జరిగాయి. మళ్ళీ వాయించాను. ఇంకా జరిగాయి. ఆ చప్పుడు నేను రోజూ విన్నదే, నాకు బాగా తెలుసనుకున్నాను. తొట్టిని వాటి దగ్గరకే తీసుకెళ్దామని "ఏం పర్లేదు, నేనే" అంటూ నడిచాను. నా గొంతు వినపడగానే నాలుగూ ఒక్కసారిగా లేచి తీగలకు కొట్టుకున్నాయి. ఒకదానికి ముక్కు చిట్లి రక్తం కారింది. నేను ఆగిపోయాను. నేనే అనే మాటే వాటికి పడని మాటని అప్పుడు తెలిసింది.

వెనక్కి వచ్చి, కంచె బయట నుంచి మేతను కర్రతో నెట్టాను. ఎండి, ఈగలు ముసిరి, సాయంత్రానికి అలాగే ఉంది. బుధవారం అంతే. గురువారం చెవి తెగినది మోకాళ్ళ మీద కూలబడి ఉంది. తిండి తప్ప ఇంకో ధ్యాస లేని జంతువు, తిండికి పది అడుగుల దూరంలో, దాని వాసన తెలిసి కూడా, నా వాసన కూడా తెలుసు కాబట్టి కదలకుండా ఉంది. దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. శుక్రవారం ఇంకా బాగా లెక్కపెట్టొచ్చు.

మేడం వచ్చి చూసి, "ఇలాగైతే రెండు రోజులు కూడా ఉండవు. ఇంతకు ముందు ఎవరి చేతి మీద తినేవి?" అంది.

ఎవరి చేతి మీదో ఆమెకూ తెలుసు. ఆమె జీపు వైపు వెళ్తుంటే వెనకాలే వెళ్ళాను. మధ్యాహ్నం, నెత్తి మీద ఎండ. మంచి మాటలు కొన్ని సిద్ధం చేసుకున్నాను. ఏదీ రాలేదు.

"మేడం, చీటీలో ఆరు. నేను పోసింది పన్నెండు. బాబాయ్ మళ్ళీ పన్నెండు."

ఆమె జీపు తలుపు మీద చెయ్యి అలాగే ఉంచింది. "చౌబీస్" అంది. ఇరవై నాలుగు. నాలుగు రోజులుగా దొరకని వస్తువు దొరికినవాళ్ళ ముఖంలో కనిపించే తేలిక ఒక్క క్షణం కనిపించి పోయింది. తర్వాత నన్ను చూసింది.

"ఆ రోజు అడిగాను కదా."

"తల ఊపాను."

"క్యోం? ఎందుకు?"

దానికి నా దగ్గర మూడు జవాబులున్నాయి, ఒకటి నవ్వొచ్చేది కూడా. "భయమేసింది మేడం" అన్నాను.

"రెండింతలు పొయ్యమని నీకెవరు చెప్పారు? తేదీ దాటిన మందు సగం అవుతుందని ఏ పుస్తకంలో ఉంది?"

"మా అమ్మ..." అని ఆగాను. డిగ్రీ ఉన్నవాడు చెప్పవలసిన జవాబు కాదు. కానీ అదే నిజం.

ఆమె జీపు ఎక్కబోతుంటే నేనే అడిగాను. "మేడం, మీరొచ్చిన రోజే నేను చెప్పి ఉంటే మీరు ఇంకేదైనా చేసేవారా? వాటి కళ్ళు..."

ఆమె మడుల వైపు చూసింది. కొంచెం సేపు చూసింది. "నహీ. దీనికి విరుగుడు లేదు. నేనొచ్చేటప్పటికే పోయాయి."

కావచ్చు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అయితే నా ప్రశ్నకూ ఆమె జవాబుకూ మధ్య కొంచెం ఖాళీ ఉంది. ఒక జీపు తలుపు మూసేంత సేపు. నేను అప్పటి నుంచి ఆ ఖాళీలోనే కాపురం ఉంటున్నాను.

జరిగిందంతా రాసిమ్మంది. రాశాను. మొదటి కాగితంలో ఒక చమత్కారం దొర్లింది, చూసుకుని చింపేశాను. రెండో కాగితం ఆరు వాక్యాలు వచ్చింది. మేడం చదివి, బాబాయ్‌ను నువ్వే వెళ్ళి పిలుచుకురా అంది. అది శిక్షో సదుపాయమో నాకు తెలియలేదు.

జంగ్లీఘాట్‌లో పడవల పక్కన నీడలో కూర్చుని ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు.

"బాబాయ్, మేడంకి చెప్పేశాను. నేను పన్నెండు పోశానని."

"ఊఁ."

"నీకు తెలియదు, నేను ఆ రోజు..."

"తెలీకేటి? నువ్ పోసినప్పుడే నెక్కెట్టుకున్నాను. పన్నెండు. నువ్ పన్నెండు పోస్తే నాను పన్నెండు పోసినాను. చీటీలో అంతే ఉందనుకున్నాను." వల అల్లే కండె ఆపకుండానే అన్నాడు. "మేడం ఆరా అనడిగితే తలూపినావు సూడు, అప్పుడు తెలిసింది నాకు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"నిన్నడిగింది. నన్నడగనేదు."

పడవల అవతల ఎవరో రేడియో పెట్టారు. ఆయన పళ్ళతో దారం తెంచాడు.

"ఆ రోజు గేటు కాడ బస్సు కోసం నిల్చున్నాను. ఒక బస్సు ఒగ్గీసినాను కూడా. ఎనకాల నుంచొస్తావేమో, సెప్తావేమోనని. రానేదు. సరే, వల బాగుసేసుకుందామని కూకున్నాను." తలెత్తి నన్ను చూశాడు. "ఆటలాడకుండా ఒక్కమాట సెప్పు బావూ. డేటు సూసినావా అని నానడిగినాను. అవును సూసినాను అంటే అయిపోను కదా. అవుననడానికి ఎంతసేపు పడతాది?"

ఆయన మళ్ళీ కండెకు దారం చుట్టుకున్నాడు.

"తింటన్నాయా అవి?"

"లేదు."

"సెవి తెగింది?"

"నాలుగు రోజులయింది ముట్టుకుని."

ఆయన కండె కింద పెట్టాడు. "డబ్బా వాయించినావా?"

"వాయించాను."

"ఎలగ?"

పడవ అంచు మీద చేత్తో కొట్టి చూపించాను. ఆయన రెండు దెబ్బలు విని, నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అలగ కాదు. అలగ కొడితే బెదిరిపోతాయి." లేచి, చొక్కా దులుపుకున్నాడు. "పద. అబద్దమాడింది నువ్వు, కడుపు మాడింది దానికి. నీ ముకం సూసి రావట్లేదు."

కంచె దగ్గర నన్ను బయటే ఉంచి ఆయన లోపలికెళ్ళాడు. డబ్బా తీసి, గరిటెతో రెండు నిదానమైన దెబ్బలు, ఆగి, చిన్నదొకటి. ఆ ఆగడం నేను ఎప్పుడూ విననే లేదు. మూల నుంచి చెవి తెగినది తల ఎత్తింది. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. లేచి, ఒక్కో కాలు నీళ్ళలో పెడుతున్నట్టు పెడుతూ, తిన్నగా కాదు, కొంచెం పక్కకు పోయి మళ్ళీ చప్పుడు విని సర్దుకుని, వచ్చింది. ఆయన అరచేతిలో మూతి పెట్టింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆయన వాటితో ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదని నాకు అప్పుడే గుర్తొచ్చింది.

ఆ సంతోషంలో అలవాటు కొద్దీ నోరు తెరిచాను. "మొత్తానికి ఆవిడగారి ఉపవాసం..." అన్నానంతే. జింక శనగలు విదిల్చి, గిర్రున తిరిగి, పడుతూ లేస్తూ పోయి తీగకు కొట్టుకుంది.

బాబాయ్ అరచెయ్యి అలాగే చాపి ఉంచాడు. నా వైపు తిరక్కుండానే, "నువ్ మాటాడకు బావూ" అన్నాడు. "నీ గొంతు దానికి సూదిలాగుంటాది."

ఆయన పేరు మళ్ళీ మస్టర్‌లో రాశారు. నన్ను ఉత్తరాన ఇంకో దీవిలో ఉన్న రంగత్‌కు బదిలీ చేశారు, ఆవుల దగ్గరికి. అది న్యాయమే. నా ముందు ఉన్న జంతువులు కొంచెం పెద్దవి, చీటీలు మేడం కాక ఇంకొకాయన రాస్తాడు, నేను ప్రతి మూతా ఇద్దరి ముందు బయటికి లెక్కపెట్టి పోస్తాను. అక్కడివాళ్ళు నన్ను చాదస్తుడంటారు. రంగత్ బజార్లో టీ కొట్టాయన గిన్నె మీద గరిటె కొట్టినప్పుడల్లా నేను దెబ్బల మధ్య ఆగుతాడేమోనని వింటాను. ఆగడు. టీ చల్లారిపోతుంది.

అమ్మకు జరిగింది చెప్పాను. మర్నాడు చూస్తే మందుల డబ్బా ఖాళీగా కడిగి ఎండలో బోర్లించి ఉంది. ఒక్క దగ్గుమందు సీసా మాత్రం మిగుల్చుకుంది. దాని తేదీ ఇంకా దాటలేదట. రెండుసార్లు చదివి వినిపించింది.

గుడ్డి జింకల్లో ఇప్పుడు మిగిలింది చెవి తెగినదొక్కటే. ఇంటికొచ్చినప్పుడు సిప్పీఘాట్ దాకా వెళ్ళి కంచె బయట నిలబడతాను. గాలి నా మీద నుంచి దాని వైపు వీచని చోటు చూసుకుంటాను. మాట్లాడను. నన్ను ఎరిగున్నవాళ్ళు ఆ దృశ్యం చూస్తే నమ్మరు. అది తొట్టి చుట్టూ నడుస్తుంది, నేలలో దానికో దారి అరిగిపోయి ఉంది. తల ఎత్తినప్పుడు ఆ కళ్ళు నన్ను దాటి ఎటో చూస్తాయి. నేను అక్కడ లేనట్టు చూస్తాయి. ఆ కాసేపు లేకుండా ఉండటమే నా పని.

మొన్నటి సెలవులో రంగత్ నుంచి ఖనిజాల ఉప్పు సంచి ఒకటి పట్టుకెళ్ళాను. పశువులు నాకేది, మంచిరకం. గేటు దగ్గర బాబాయ్ చేతికిచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పుడు చూపు ఆనదు ఆయనకు.

"డేటు సూసినావా?" అని మెల్లగా అడిగాడు.

కంచె పక్కన నోరు విప్పకూడదు. తల ఊపచ్చు. కానీ ఆ పని నేను ఒకసారి చేసి ఉన్నాను. ఆయన్ని ఉండమని చేత్తో సైగ చేసి, మడుల గట్టు వెంట నడిచి, బస్సు ఆగే చోటు దాకా వెళ్ళాను. జింక చెవికి అందదనుకున్నంత దూరం. అక్కడి నుంచి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

"చూశాను బాబాయ్! ఇంకా ఏడు నెలలుంది!"

ఆయన చెయ్యెత్తాడు. ఆయన వెనక, తీగల అవతల, చెవి తెగినది తొట్టిలోంచి తల తీసి నా వైపు తిరిగింది. బస్సు వచ్చేదాకా మళ్ళీ మేతలో మూతి పెట్టలేదు.